పునాది త్రవ్వువారెవరు?

2024 జూలై ఆరంభమున నాగర్‌కర్నూల్ మండలము వనపట్ల గ్రామములో మట్టిమిద్దె కూలి, నిద్రించుచున్న తల్లియు, ఆమె ముగ్గురు బిడ్డలును ఆ మట్టిక్రిందనే ప్రాణములు విడిచిరి. అంతకు మూడేండ్లకు ముందు, 2021 అక్టోబరులో, గద్వాల జిల్లా అయిజ మండలము కొత్తపల్లిలో గోడ కూలి ఒక్క కుటుంబములోనే ఐదుగురు సమసిరి. పత్రికలలో రెండుదినములు వార్త నడచెను, పరామర్శలు జరిగెను, మూడవదినమున అందరమును మరచితిమి. తొలకరి మాత్రము మరవదు. అది ఏటేట వచ్చుచునే యున్నది. మట్టిమిద్దెలు ఏటేట నానుచునే యున్నవి. పాలమూరు రైతు మబ్బును చూచి చేతులు జోడించును. అతని యిల్లాలు ఆ మబ్బునే చూచి దూలమువైపు భయముతో కన్నెత్తును. వానకు మ్రొక్కుటయు, వానకు వణకుటయు మనలో ఒకే యింట జరుగుచున్నవి.

దీనిని దైవికమని చెప్పి చేతులు కడుగుకొనువారితో మాకు పొత్తు లేదు. మట్టిమిద్దె స్వభావమునకు చెడ్డది కాదు. మన తాతలు తరతరములుగా దానిలోనే బ్రతికిరి. వేసవిలో అది చల్లన, చలిలో వెచ్చన. కాని అది యేటేట సేవ కోరును. దూలములకు చెదలు పట్టకుండ చూడవలెను, వానకాలమునకు ముందు మిద్దెపై క్రొత్త మట్టి పోసి అణచవలెను, ఎలుకబొరియలు పూడ్చవలెను, నీరు జారు గూనలు బాగుచేయవలెను. ఈ పని యెవరు చేయుదురు? ఇంటి మగవాడును ఆడుదియు గుంపుమేస్త్రి యిచ్చిన ముందుపైకమునకు బందీలై బొంబాయిలోనో, పూనాలోనో, బెంగుళూరులోనో మేడలకు ఇటుకలు మోయుచుండగా, ముసలితల్లి యొక్కతె కఱ్ఱ ఊతముగా మిద్దె యెక్కగలదా? వలసపోయినవాని యిల్లు మట్టిదగుటవలన కూలుట లేదు. చూచువారు లేకపోవుటవలన కూలుచున్నది. కాబట్టి ఈ చావులకు మూలము వాన కాదు, దారిద్ర్యము. ఆ దారిద్ర్యమును చూచియు చూడనట్లున్న మన ఉదాసీనత దానికి తోడు.

ఇందలి వైపరీత్యము గమనింపుడు. కట్టడపు పనిలో పాలమూరు కూలికి దేశమంతట పేరున్నది. ఆనకట్టలు, కాలువలు, సొరంగములు, రహదారులు, పట్టణములలోని ఆకాశహర్మ్యములు వీరి చెమటతో తడిసి నిలిచినవి. ఇట్టి వలసకూలీల కష్టము చూచియే గదా 1979లో అంతర్రాష్ట్ర వలసకూలీల చట్టమనునది పుట్టినది! చట్టము పుట్టినది, దాని అమలు మాత్రము పుట్టలేదు. పరులకు పదియంతస్తులు కట్టినవానికి తనకొరకు ఒక్క గది కట్టుకొన తీరికయు లేదు, తాహతును లేదు. చెప్పులు కుట్టువాని కాలికి చెప్పులు లేవన్న సామెత మన మూడు జిల్లాలలో అక్షరాల ఇంటికథ యైనది.

నదులు రెండు మన ప్రక్కనుండి పారుచున్నవని సంతోషింతుము. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ కాని, కృష్ణయొడ్డున నున్న కొల్లాపురపు ప్రాంతము కాని ఆ సంతోషమునకు చెల్లించిన వెల యెంతయో మనలో యువకులు చాలమంది యెరుగరు. శ్రీశైలము జలాశయము కొరకు కర్నూలు, మహబూబునగరము మండలములలో నూరుకు మించిన గ్రామములు ముంపునకు గురియయ్యెను. 1981 వేసవిలో ఖాళీ చేయనివారి యిండ్లను పడగొట్టుటకు దండులు దిగెను. ఇంచుమించుగ ఆ కాలముననే కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి, గుర్తులు తప్పకుండ ఆలంపురమున తిరిగి నిలిపిరి. దేవాలయమును కాపాడినవారిని మేము నిందింపము. ఆ శిల్పము జాతిసొత్తు, దానిని నిలిపిన పనివారికి నమస్కారము. కాని రాతికి గుర్తువేసి మరల పేర్చగల నేర్పున్న ప్రభుత్వమునకు, మనుష్యుని గుర్తుంచుకొని మరల నిలుపు నేర్పు లేకపోయెనా? దేవునికి గుడి దొరకినది. ఆ దేవుని కొలిచిన పల్లెవానికి చేతిలో పరిహారపు పైకము పెట్టి, పొమ్మనిరి. ఆ పైకమును ఇల్లు కట్టుకొనకముందే తిండి తినివేసినది.

పిమ్మట 2009 అక్టోబరులో రెండు నదులును ఒక్కమారుగ పొంగెను. ఆలంపురము నీట మునిగెను. రాజోలిలో నేతగాండ్ర యిండ్లతోపాటు మగ్గములును వరదపాలయ్యెను. దేశము నలుమూలలనుండి అన్నపు పొట్లములు వచ్చెను, దుప్పట్లు వచ్చెను. ఆ దాతలకు కృతజ్ఞులము. అయినను అన్నము పొట్లము ఒకపూటది; ఇల్లు ఒక తరముది. వరదనాటి దయ వరదతోడనే తీసిపోయినది.

ఇక ప్రభుత్వములు చేసినదేమి? ఏమియు చేయలేదనుట అన్యాయము. 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ యేర్పడెను. 1985 ప్రాంతమున కేంద్రము ఇందిరా ఆవాస యోజన నారంభించెను. 2006లో ఇందిరమ్మ పథకము వచ్చెను. దానిలో కట్టని యిండ్లకు బిల్లులు వ్రాసిరన్న ఆరోపణలపై 2014లో తెలంగాణ ప్రభుత్వము సి.ఐ.డి. విచారణకు ఆజ్ఞాపించెను. తరువాత 560 చదరపు అడుగుల రెండు పడకగదుల యిల్లు పూర్తిగా ప్రభుత్వ వ్యయముతోనే యిత్తుమనిరి. అది ఘనమైన వాగ్దానము. కాని గుత్తేదారులు ముందుకు రాని తావులు కొన్ని, గోడలవద్ద ఆగిన తావులు కొన్ని, కట్టియు పంచక తలుపులు కిటికీలు దొంగలపాలైన తావులు కొన్ని. చివరకు 2024 మార్చి 11వ తేదీన భద్రాచలమున ఇందిరమ్మ యిండ్ల పథకము మరల ప్రారంభమయ్యెను. సొంతస్థలమున్న పేదకుటుంబమునకు 5 లక్షల రూపాయలు. నియోజకవర్గమునకు 3,500 ఇండ్లు. ఇల్లు కనీసము 400 చదరపు అడుగులుండవలెను. పైకము నాలుగు విడతలుగా వచ్చును.

ఇచ్చటనే మా వాదము మొదలగుచున్నది. మొదటి విడత లక్షరూపాయలు ఎప్పుడు వచ్చును? బేస్‌మెంటు పూర్తియైన పిమ్మట. అనగా గుంత త్రవ్వి, రాయి పేర్చి, మొరము నింపి, నేలమట్టమునకు పైకి పునాది లేచినప్పుడు అధికారి వచ్చి ఛాయాచిత్రము తీసికొనును. అటుపిమ్మట పైకము బ్యాంకుఖాతాలో పడును. దొంగబిల్లుల అనుభవము చూచినవారు ఈ నిబంధనను తప్పుపట్టలేరు. కాని దీని ఫలితమేమి? ఎవని చేతిలో నాలుగు డబ్బులు ముందే యున్నవో వాని యిల్లు లేచును. ఎవని చేతిలో ఏమియు లేదో, ఎవనికొరకు ఈ పథకము పుట్టినదో, వాడు ముగ్గుపోసిన స్థలమును చూచుచు కూర్చుండును. మన పల్లెలలో ముగ్గు పోయబడి, వానకు ఆ ముగ్గు కరగిపోయి, అటులే గడ్డి మొలచిన స్థలములను లెక్కించుకొనుడు. పథకమునకు పునాది ప్రభుత్వము వేసినది. ఇంటికి పునాది వేయువాడు లేడు.

మహిళాసంఘముల ద్వారా అప్పు ఇప్పించు ఏర్పాటొకటి 2025లో జరిగినది. మంచిదే. కాని అప్పు అప్పే. సంఘములో సభ్యత్వము లేని వితంతువు, పాతబాకీ తీరని కూలి, ఇంకొకరి పూచీకత్తు దొరకని ఒంటరి ముసలివాడు మరల ఊరి షావుకారు గడపకే పోవలసియున్నది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ ఊళ్ళలో పెద్దవడ్డీగా ఎంచబడదు. ఆ లెక్కన లక్షరూపాయలకు సంవత్సరమునకు 24,000 రూపాయలు వడ్డీయే యగును. కప్పు పడకముందే కుటుంబము మునుగును. ఆ వడ్డీ తీర్చుటకు మరల గుంపుమేస్త్రి, మరల వలస, ఇల్లు కట్టుటకై ఇల్లు విడుచుట! ఇంతకంటె విపరీతమేమున్నది?

కావున మేము మన విద్యావంతులను, విద్యార్థులను, న్యాయవాదులను, ఉపాధ్యాయులను, వర్తకులను అడుగుచున్నది ఒక్కటే. ఇల్లంతయు మీరు కట్టవలదు, పునాది త్రవ్వుడు. ప్రభుత్వపు పైకమునకును పేదవాని స్థలమునకును నడుమ నున్న ఆ మూడడుగుల గుంతను మీ చేతులతో పూర్తిచేయుడు.

లెక్క చెప్పక మాటలు చెప్పుట మాకు సమ్మతము కాదు. 400 చదరపు అడుగుల యిల్లనగా ఇరువదియడుగుల పొడవు, ఇరువదియడుగుల వెడల్పు అనుకొందము. వెలిగోడలు నాలుగును కలిపి 80 అడుగులు. లోపలిగోడలు రెండు కలిపి 40. మొత్తము 120 అడుగులు. రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు త్రవ్విన 720 ఘనపుటడుగుల మట్టి లేచును. పనికి క్రొత్తయైన యువకుడు మెత్తని చల్కనేలలో దినమునకు 36 ఘనపుటడుగులు త్రవ్వగలడనుకొన్నను 20 దినముల పని; అనగా పదిమందికి రెండు దినములు. తరువాత రెండడుగుల యెత్తు మొరము నింపవలెను. అది 800 ఘనపుటడుగులు. తట్టలతో మోసి నింపుటకు మరి యొక 20 మంది పని వేసికొనుడు. మొత్తము 40 మంది కూలి. ఆలంపురము వైపు నల్లరేగడి యైనచో లోతు పెరుగును, లెక్కయు పెరుగును. మేస్త్రి మాట విని నడచుకొనవలెను.

ఇప్పుడు మన కళాశాలలను చూడుడు. 1969 సెప్టెంబరు 24వ తేదీన, గాంధీజీ శతజయంతి వత్సరమున, జాతీయసేవాపథకము ప్రారంభింపబడినది. ప్రతి విద్యార్థి సేవకుడును రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. ఏడుదినముల ప్రత్యేకశిబిరములో పాల్గొనవలెను. ఒక శిబిరమునకు 50 మంది వచ్చిరనుకొందము. ఏడుదినములకు 350 మంది పని. ఉపన్యాసములకు, వంటలకు, అలసటకు సగము తీసివేయుడు, 175 మిగులును. అనగా ఒక్క శిబిరము నాలుగిండ్లకు పునాది త్రవ్వి, మొరము నింపి, ఇంకను పదునైదుమంది పనిని చేతనుంచుకొని తిరిగిరాగలదు. ప్రస్తుతము చాల శిబిరములలో జరుగునదేమి? పాఠశాల ఆవరణలో చీపుళ్ళు పట్టి ఛాయాచిత్రములు; సాయంకాలము పరిశుభ్రతపై ఉపన్యాసము; ఏడవదినమున ప్రశంసాపత్రములు. పల్లెవారు నవ్వుచున్నారు. పల్లెకు చీపురు తెచ్చువారు అక్కరలేదు. పల్లె తన వాకిలి తాను ఊడ్చుకొనగలదు.

గద్వాల కోటలో నేడు కళాశాల యున్నది. వనపర్తి రాజప్రాసాదములో పాలిటెక్నిక్కు నడచుచున్నది. ఒకనాడు ఏ కోటగోడల ప్రక్కనుండి మన తాతలు తలవంచి నడచిరో, ఆ గోడలలోనే వారి మనుమలు గణితమును, నిర్మాణశాస్త్రమును చదువుచున్నారు. ఇది చిన్న విజయము కాదు. కాని చదివిన నిర్మాణశాస్త్రము కాగితముమీద గీతగనే యుండిపోయినచో ఆ విజయమునకు అర్థమేమి? పాలిటెక్నిక్కు విద్యార్థి ముగ్గు పోయగలడు, మూలమట్టము చూడగలడు, సిమెంటుపాలు తప్పినప్పుడు చెప్పగలడు. పేదవాని యింటికి ఇంజనీరు రాడు. ఈ విద్యార్థియే వాని ఇంజనీరు కావలెను.

మా మాటకు వచ్చు ఆక్షేపణలు మేమెరుగుదుము. మొదటిది, ఇల్లు కట్టించుట ప్రభుత్వ విధి, మనమేల చేయవలెనని. నిస్సందేహముగా ప్రభుత్వ విధియే. జీవించు హక్కులో నీడకు హక్కు ఇమిడియున్నదని సర్వోన్నత న్యాయస్థానము శాంతిస్టార్ బిల్డర్సు వ్యాజ్యమున 1990లోను, చమేలీసింగు వ్యాజ్యమున 1995లోను చెప్పినది. ఆ హక్కును ఒక్క అంగుళము విడువవలదు. కాని హక్కు గలదని వాదించుచు కూర్చుండిన దినములలో కప్పు కూలకుండునా? వ్యాజ్యము నడచుచున్నంతకాలము కక్షిదారుడు ఎక్కడ పండుకొనును? మేము చెప్పుచున్న పని ప్రభుత్వమును బాధ్యతనుండి తప్పించుటకు కాదు. తప్పించుకొనుటకు వీలులేకుండ చేయుటకు. పునాది లేచిన మరునాటినుండి ఆ పైకము ఖాతాలో పడితీరవలెను. పడకున్నచో ఆ గుంత త్రవ్విన యేబదిమంది సాక్షులుగా కార్యాలయము ముందు నిలుతురు. ఒంటరి వితంతువు అర్జీని బల్లక్రింద త్రోయుట సులభము. చేతులు కాయలు కాచిన యేబదిమంది అర్జీని త్రోయుట సులభము కాదు. కట్టని యింటికి బిల్లు వ్రాయువారికిని ఈ సాక్షులే అడ్డు.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బరువైనది. కూలి లేని పని చేయుమనుట వెట్టి కాదా యని కొందరు మిత్రులు అడిగిరి. ఈ ప్రశ్న మరియొక దేశములో పుట్టదేమో. మన తెలంగాణములో పుట్టితీరును. దేశముఖుల గడీలకు, సంస్థానముల కచ్చేరీలకు, ఊరికి వచ్చిన ప్రతి యధికారికి మాదిగ, మాల, చాకలి, మంగలి, కుమ్మరి మున్నగువారు తరములతరబడి ఉచితముగా మోసిరి. ఆ వెట్టిని ఆంధ్రమహాసభ సభలమీద సభలు పెట్టి ఖండించినది. ఈ గద్వాల సీమలో పుట్టి, న్యాయవాదియై, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1930లో జోగిపేటలో ఆ మహాసభకు మొదటి అధ్యక్షుడై, 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైన సురవరము ప్రతాపరెడ్డిగారి సీమవారము మనము. వెట్టి యనగా నేమో మనకు వేరొకరు చెప్పనక్కరలేదు. వెట్టియందు లేనివాడు ఉన్నవానికొరకు భయముచేత మోయును. సేవయందు ఉన్నవాడు లేనివానికొరకు ఇష్టపూర్వకముగా మోయును. బరువు ఒకటే, దిక్కు వేరు. ఏ పనియందు కూలివానినే ఊరి పెద్దలు శ్రమదానమని పిలిచి, తాము నీడను నిలిచి మాల వేయించుకొందురో ఆ పని ముమ్మాటికి వెట్టియే. దానికి ఖద్దరు తొడిగినను వెట్టియే. అందుచేత మా నియమము స్పష్టము. దినకూలివలన బ్రతుకువానిని ఉచితముగా పిలువరాదు. నెలజీతము వచ్చువాడు, ఫీజులు వచ్చువాడు, బాడుగలు వచ్చువాడు, వీరి బిడ్డలు, వీరు రావలెను. తరతరములుగా ఎవరు మోయలేదో వారు మోయవలెను.

మూడవది మేస్త్రీల మాట. మీరు ఉచితముగా పని చేసినచో మా నోటిలో మన్ను పడునని వారు భయపడుట సహజము. ఈ భయమునకు తావు లేదు. రాయి పేర్చుట, గోడ లేపుట, స్లాబు వేయుట నేర్పరుల పని. దానికి పూర్తికూలి యీయవలెను. మేము కోరునది ఆగిపోయిన పునాదులనే. మొదలుకాని యింటిలో మేస్త్రికి ఒక్కరూపాయి కూలియు లేదు. పునాది లేచిన యింటిలో మూడు నెలల పని యున్నది. పైగా మన మేస్త్రి సొంత ఊరిలో పని దొరకినచో పూనాకు పోవుట తగ్గును.

శ్రమ ఒక్కటియే చాలదని మేమును ఒప్పుకొందుము. రాయికి, సిమెంటుకు, మేస్త్రికి రొక్కము కావలెను. దానికిని దారి కలదు. ఒక పట్టణములోని న్యాయవాదులు ఇరువదిమంది తలకు 5,000 రూపాయలు వేసినచో లక్షరూపాయల నిధి యగును. అది దానము కాదు; వడ్డీలేని చేబదులు. పునాది లేచి, ప్రభుత్వపు మొదటి విడత రాగానే ఆ సొమ్ము తిరిగి నిధిలో చేరవలెను. అక్కడినుండి మరియొక యింటికి పోవలెను. సిమెంటు వర్తకుడు ఆ ఒక్క నెల అరువు పెట్టినచో నిధి రెండింతల పని చేయును. లక్షరూపాయలు ఒక వేసవిలో ఎన్ని మారులు తిరుగునో అన్ని కుటుంబములు షావుకారు చేతినుండి తప్పును.

మావంటి న్యాయవాదులు చేయదగిన పని మరియొకటి కలదు. అది గడ్డపారకంటె తేలిక, ఫలమున దానితో సమానము. సొంతస్థలమున్నవానికే ఐదులక్షలు. గ్రామకంఠములో తాతలనాటినుండి ఉన్న స్థలమునకు కాగితమేది? అన్నదమ్ములు నోటిమాటగా పంచుకొన్న వాకిలికి దస్తావేజేది? పంపిణీపట్టా కాగితము వరదలో పోయినవాడు ఎక్కడ అడుగవలెను? ఈ చిక్కులలోనే అర్హులు జాబితానుండి జారిపోవుచున్నారు. ఆదివారమునాడు ఒక న్యాయవాది పల్లె రచ్చబండమీద మూడుగంటలు కూర్చుండి అర్జీలు వ్రాసిపెట్టినచో ఎన్ని కుటుంబములు నిలుచునో మేము కన్నులార చూచినాము.

ఇట్టి కార్యము మునుపెన్నడు జరుగనిదియు కాదు. 1969 తుపాను గుంటూరు మండలమును ధ్వంసము చేసినప్పుడు ఫాదర్ మైకేల్ విండీయను బెల్జియము దేశీయుడు గ్రామపునర్నిర్మాణ సంస్థను స్థాపించి, పల్లెప్రజలతో కలిసి ఊళ్ళకు ఊళ్ళు తిరిగి కట్టించెను. ఎక్కడి బెల్జియము, ఎక్కడి గుంటూరు! అమెరికా దేశాధ్యక్షుడుగా నుండి దిగిపోయిన జిమ్మీ కార్టరు 1984లో సతీసమేతుడై సుత్తె చేతబట్టి న్యూయార్కు నగరమున పేదల యిండ్లపని చేసెను. 2006లో, తన యెనుబదిరెండవయేట, మహారాష్ట్రలో లోనావాలా చేరువ గ్రామమునకు వచ్చి, నూరిండ్ల నిర్మాణమున పాల్గొనెను. ఆయన పనిచేసిన సంస్థలో ఇల్లు పొందువాడు కూడ తన యింటికిని, పొరుగువాని యింటికిని కొన్ని గంటలు పనిచేయవలెనను నియమము గలదు. బిచ్చము పెట్టినట్లు ఇల్లు ఇచ్చుట లేదు. భుజముతో భుజము కలిపి కట్టుచున్నారు. ప్రపంచములో నెల్ల శక్తిమంతమైన పీఠముపై కూర్చున్నవానికి తట్ట మోయుట చిన్నతనము కాలేదు. మన మండలకేంద్రములోని పట్టభద్రునికి ఎట్లు చిన్నతనమగును?

ఇంకొక హెచ్చరిక చేయక తప్పదు. పేదవానికి ఇల్లు కట్టుటకు పోవువాడు మొదట అతనిని అడుగవలెను. గద్వాల నేతగానికి మగ్గపుగుంట లేని యిల్లు ఇల్లే కాదు. నున్నని సిమెంటునేల చూపి సంతోషింపుమనినచో అతడు చీర యెక్కడ నేయును? అమ్రాబాదు అడవిలోని చెంచుపెంటలలో ఎవరినడిగి ఇండ్ల నమూనాలు గీయుచున్నారు? వెదురును, గడ్డిని ఎరిగిన చెంచువానికి ఎండలో కాగు పెట్టెవంటి గది కట్టియిచ్చి, వాడు దానిలో మేకలను కట్టి తాను ప్రక్కన గుడిసె వేసికొన్నచో వానిని అనాగరికుడని నవ్వుట మన అవివేకము. గాంధీజీ 1936లో సేవాగ్రామమునకు చేరినప్పుడు ఆయన కుటీరము అచ్చటి మట్టితోను, అచ్చటి కఱ్ఱతోను, అచ్చటి పనివారి చేతులతోనే లేచినది. ఆ వివేకము మనకును కావలెను. చేయి వేయుటకు ముందు చెవి యొగ్గుట సేవకుని మొదటి ధర్మము.

మేము మాటలు చెప్పి ఊరకున్నవారము కామని చెప్పుకొనుటకు సిగ్గుపడుచునే ఒక్క ముచ్చట చెప్పుదుము. గడచిన వేసవిలో మేము ఏడుగురము ఒక పల్లెలో ఒక వితంతువు స్థలమున గడ్డపారలు పట్టితిమి. మొదటిదినము మధ్యాహ్నమునకే అరచేతులు బొబ్బలెక్కెను. మేస్త్రి వచ్చి చూచి, గుంత వంకర పోయినదని నవ్వి, తాడు కట్టి మరల గీచి చూపెను. కోర్టులో గంటసేపు వాదించియు మేము పొందని జ్ఞానము ఆ తాడుతో పొందితిమి. సాయంకాలము ఆ తల్లి అంబలి తెచ్చి యిచ్చుచు, "అయ్యా, మీరు మా గుంత తవ్వుతుంటే నాకు కాళ్ళు చేతులు ఆడుతలేవు" అనినది. ఆమె కాళ్ళు చేతులు ఆడకపోవుటకు కారణము మా ఔదార్యము కాదు; ఇన్ని తరములు ఆ దృశ్యము ఎవరును ఆమెకు చూపకపోవుటయే. ఆ మాట విన్నప్పటినుండి మాకు బొబ్బలకంటె సిగ్గే ఎక్కువ మండుచున్నది.

2016 అక్టోబరు 11వ తేదీన మనకు మూడు జిల్లాలు వచ్చినవి. మూడు కలెక్టరు కార్యాలయములు, వానికి మేడలు వచ్చినవి. అధికారపీఠము ప్రజలకు దగ్గరయైనదనిరి. దగ్గరయైన పీఠము కనులెదుటనే మట్టిమిద్దెలు కూలుచున్నప్పుడు దూరము తగ్గినదని ఎట్లు నమ్ముదుము? ఆ దూరమును కొలిచి నిందించుట సులభము. కొంత దూరము మనమును నడచుట కష్టము. కాని చేయదగినది అదియే.

సోదరులారా, వచ్చు వేసవి సెలవులకు ముందే ప్రతి మండలకేంద్రమునను న్యాయవాదులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు ఒకచోట కూడుడు. గ్రామసభ ముందు జాబితా చదివించి, ముగ్గుపోసి ఆగిన యిండ్లను ఏర్పరచుకొనుడు. వానిలో వితంతువులు, ముసలివారు, వికలాంగులు, వలసపోయినవారి పిల్లలున్న యిండ్లు మొదట చేపట్టుడు. నిధికి లెక్క వ్రాసి పంచాయతి గోడకు అంటింపుడు. జెండాలు, ఫ్లెక్సీలు ఇంటివద్ద విడిచి, గడ్డపార, పార, తట్ట తీసికొని రండు. ఏ పార్టీవాడైనను రావచ్చును, వచ్చినవాడు త్రవ్వవలెను.

వనపట్లలో ఆ తల్లీబిడ్డలు మరల రారు. కాని అట్టి మిద్దెక్రింద ఈ రాత్రియు పండుకొన్న పిల్లలు మన మూడు జిల్లాలలో ఇంకను కలరు. తొలకరి మబ్బు క్రమ్ముటకు ముందే వారి పునాదులు లేవవలెను.